అమ్మేసిన రైఫిల్ మీద మనసు పీకుతుంటే ఏం చేయాలి

నా పని రైఫిళ్లు బాగుచేయడం. బల్లకు అవతల కూర్చుని ట్రిగ్గర్ గురించో, స్కోప్ గురించో మాట్లాడుతున్నవాళ్లు ఉన్నట్టుండి "ఇదివరకు నా దగ్గర ఒకటుండేదండీ, అమ్మేశాను" అంటారు. ఆ మాట దగ్గర గొంతు మారుతుంది. అమ్మడానికి కారణాలు అందరివీ ఇంచుమించు ఒకటే. డబ్బు అవసరం పడింది, కొత్త మోడల్ మీదికి మనసు పోయింది, ఇల్లు మారాల్సి వచ్చింది, బీరువాలో ఊరికే పడుంది కదా అనిపించింది. ఆ వెంటనే వచ్చే ప్రశ్న కూడా ఒకటే. "అలాంటిది మళ్లీ దొరుకుతుందంటారా?"

జవాబు చెప్పే ముందు నేనొకటి అడుగుతాను. ఆ రైఫిల్ తలపుకొస్తే మీకు ముందుగా గుర్తొచ్చేది ఏమిటి? మీరిచ్చే జవాబును బట్టే ఆ తర్వాత చేయాల్సిన పని మొత్తం మారిపోతుంది. ఇది తేల్చుకోకుండా హడావిడిగా ఇంకోటి కొన్నవాళ్లు రెండోసారి కూడా డబ్బు పోగొట్టుకోవడం చూశాను.

కావలసింది ఆ రైఫిలా, అలాంటి రైఫిలా?

ఒకావిడ తన తండ్రి వాడిన పాయింట్ 22 (0.22 అంగుళాల కాలిబర్) బోల్ట్ రైఫిల్‌ని, అంటే ప్రతి తూటాకూ చేత్తో బోల్ట్ లాగి మూసేదాన్ని, కొత్త సెమీ ఆటోమేటిక్ కోసం మార్పిడికి ఇచ్చేశారు. కొన్నాళ్లకు అదే కంపెనీది, అదే మోడల్, దాదాపు అదే కాలంలో తయారైనది ఇంకోటి వెతికి కొని నా దగ్గరికి తెచ్చారు. విప్పి చూశాను. బ్యారెల్ లోపల గాడులు పదునుగా ఉన్నాయి, బోల్ట్ నున్నగా జారుతోంది, స్క్రూల తలలు ఎవరూ చెడగొట్టలేదు. ఇంతకంటే మంచిది దొరకదని చెప్పాను. ఆవిడ స్టాక్ (రైఫిల్ చెక్క భాగం) మీద చెంప ఆనించే చోట బొటనవేలితో రాస్తూ "ఇక్కడ వార్నిష్ పోలేదు" అన్నారు. తండ్రి గడ్డం రాసుకుని రాసుకుని ఆ చోట వార్నిష్ అరిగిపోయి, అరచేతిలో సగమంత మేర చెక్క నల్లబడి ఉండేదట. చిన్నప్పుడు తనూ అక్కడే చెంప పెట్టి గురిచూడడం నేర్చుకుందట. ఆవిడకు కావలసింది ఆ మచ్చ ఉన్న రైఫిల్. కొత్తగా కొన్నది ఎంత మంచిదైనా ఆ వెలితి తీరదు. ఆవిడ చేయాల్సిన పని వెతకడం, అంతే.

ఇంకొకరు మాత్రం "అది కొట్టినట్టు ఏదీ కొట్టదండీ" అంటారు. వీళ్ల సంగతి వేరు. వీళ్లకు ఆ పనితనం మళ్లీ దొరికితే చాలు, అది ఇంకో రైఫిల్‌లో దొరికినా సంతోషిస్తారు. అయితే ముందు పాత టార్గెట్ కాగితాలు బయటికి తీయండి. జ్ఞాపకంలో గ్రూపులు, అంటే ఒకే గురికి కాల్చిన బుల్లెట్ బెజ్జాల మధ్య దూరాలు, ఏటేటా చిన్నవవుతుంటాయి. గ్రూపుని కోణంలో కొలిచే ఒక మినిట్ ఆఫ్ యాంగిల్ (డిగ్రీలో అరవయ్యో వంతు) వంద గజాల దగ్గర 1.047 అంగుళాలు. "ఎప్పుడూ అంగుళంలోపే" అని చెప్పినవాళ్ల కాగితాలు కొలిస్తే ఒకటిన్నర, రెండు అంగుళాలు రావడం మామూలే. మూడు రౌండ్ల గ్రూపుని బట్టి ఏదీ నమ్మకండి. మూడు రౌండ్లు అదృష్టం కొద్దీ పక్కపక్కన పడతాయి. ఐదు, కుదిరితే పది రౌండ్ల కాగితాలు చూడండి. అప్పటికీ అది నిజంగా బాగా కొట్టేదని తేలితే ఎందుకు కొట్టిందో వెతకాలి. ఏ కంపెనీ తూటా, ఎంత బరువు బుల్లెట్, పాయింట్ 22 అయితే ఏ లాట్ (ఒకే విడతలో తయారైన తూటాల) నంబరు? పాయింట్ 22 రైఫిళ్లకు ఒక లాట్ నచ్చి, అదే కంపెనీ మరో లాట్ నచ్చకపోవడం నా బల్ల మీద తరచుగా చూసే విషయం. ట్రిగ్గర్ బరువెంత, అంటే ఎంత బలంతో నొక్కాలి? స్టాక్ మీ ఒంటికి ఎలా కుదిరింది? ట్రిగ్గర్ నుంచి బట్ (భుజానికి ఆనే చివర) వెనక అంచు వరకు ఉండే దూరం అర అంగుళం మారినా భుజానికి తెలిసిపోతుంది. స్కోప్ ఎత్తుకి తగ్గట్టు చెంప ఆనే గట్టు లేకపోతే తల గాలిలో నిలుస్తుంది, గురి కదులుతుంది. పాతదాన్ని తలచుకుని బాధపడే షూటర్లలో చాలామందికి నేను చేసేదల్లా ఇప్పుడున్న రైఫిల్ స్టాక్ పొడవు సరిచేయడం, చెంప గట్టు ఎత్తడం, ట్రిగ్గర్ శుభ్రం చేసి సరైన బరువుకు తేవడం. ఆ తర్వాత పాతదాని ఊసు తగ్గుతుంది.

మూడో రకం వాళ్లు ధర చూసి బాధపడతారు. వించెస్టర్ మోడల్ 70 దీనికి మంచి ఉదాహరణ. అది 1936లో వచ్చింది. 1964లో కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి డిజైన్ మార్చింది. తూటా మ్యాగజైన్ నుంచి పైకి వస్తూనే దాని అంచును పట్టుకునే పెద్ద పంజాలాంటి ఎక్స్‌ట్రాక్టర్ తీసేసింది, స్టాక్ మీద చేత్తో చెక్కే గళ్లకు బదులు అచ్చుతో నొక్కిన గళ్లు పెట్టింది. కొనేవాళ్లకు ఇది నచ్చలేదు. అప్పటినుంచి 1964కు ముందువాటికి ప్రత్యేకమైన గిరాకీ పుట్టింది. అలాంటిది ఒకప్పుడు మామూలు ధరకు అమ్మేసినవాళ్లు ఇప్పటి రేటు చూసి గుండెలు బాదుకుంటారు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ బాధ డబ్బు గురించే అయితే ఆ రైఫిల్ వెంట పడకండి. ఇప్పటి ధరకు తిరిగి కొంటే పోయింది రాదు, ఇంకా పోతుంది. అప్పుడు ఆ డబ్బుతో ఏ అవసరం తీరిందో గుర్తు తెచ్చుకోండి. పిల్లల ఫీజో, ఆసుపత్రి ఖర్చో అయితే ఆ రైఫిల్ తన పని తాను చేసినట్టే.

వెతకడం మొదలుపెట్టే ముందు

అమ్మి కొద్దిరోజులే అయితే చదవడం ఆపి ఇప్పుడే ఫోన్ చేయండి. డీలరుకు మార్పిడిలో ఇచ్చి ఉంటే అది ఇంకా వెనక గదిలోనే ఉండవచ్చు. పాత ఆయుధాన్ని శుభ్రం చేసి, పరీక్షించి, రిజిస్టరులో ఎక్కించి అప్పుడు అమ్మకానికి పెడతారు. కొన్ని చోట్ల పాతది కొన్న డీలరు కొన్ని రోజుల పాటు అమ్మకుండా ఉంచాలనే నియమం కూడా ఉంటుంది. ఫోన్లో బేరం మొదలుపెట్టకండి. "నేనిచ్చిన రైఫిల్ వెనక్కి తీసుకుంటాను, మీ లాభం మీరు వేసుకోండి, నా కోసం పక్కన పెట్టండి" అనండి. డీలరు మార్పిడిలో ఇచ్చే ధర ఎప్పుడూ బయట అమ్మే ధర కన్నా తక్కువే. ఆ తేడాలోనే ఆయన అద్దె, జీతాలు, వారంటీ అన్నీ ఉన్నాయి. ఆ తేడా కట్టడానికి సిద్ధపడి మాట్లాడితే పని జరుగుతుంది. "నా దగ్గర అంతకు కొని ఇంతకు అమ్ముతారా" అని మొదలుపెడితే ఆయన రైఫిల్‌ని షెల్ఫులో పెట్టేస్తారు.

చాలా కాలమైతే మొదటి పని సీరియల్ నంబరు సంపాదించడం. పాత లైసెన్సు పుస్తకం, కొన్నప్పటి బిల్లు, బీమా కాగితం, ఎప్పుడో స్కోప్ బిగించిన మరమ్మతు రశీదు, పోటీల్లో ఆయుధం తనిఖీ చేసినప్పటి కార్డు, వీటిలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. పాత ఫోటోలు పెద్దవి చేసి చూడండి, రిసీవర్ (బోల్ట్ ఇమిడే లోహపు భాగం) పక్కన అంకెలు కనబడవచ్చు. అమెరికాలో 1968 నాటి ఆయుధ చట్టం వచ్చేదాకా చవక రకం పాయింట్ 22 రైఫిళ్లలో చాలావాటికి అసలు నంబరే వేయలేదు. అలాంటిదైతే గుర్తులే ఆధారం. బట్ మీద పగులు, స్లింగ్ కొక్కెం దగ్గర గీత, ట్రిగ్గర్ గార్డు మీద నీలిపూత పోయిన మేర, ఎవరో కత్తితో చెక్కిన అక్షరం. ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి, వీలైతే బొమ్మ గీయండి. నా దగ్గరికి వచ్చిన ఆవిడ ఆ చెంప మచ్చ ఆకారాన్ని గీసి ఇచ్చారు. పాత పాయింట్ 22 బల్ల మీదికి వచ్చినప్పుడల్లా ఆ కాగితం తీసి పక్కన పెట్టి చూస్తాను.

ఎవరిని అడగాలి? మొదట మరమ్మతు చేసేవాళ్లను. రైఫిల్ ఎన్ని చేతులు మారినా బాగుచేసేవాళ్ల దగ్గరికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. తర్వాత రేంజిలో స్కోరు రాసేవాళ్లు, క్లబ్బు కార్యదర్శి, వేలం నిర్వాహకులు. ఆ రకం రైఫిళ్లనే సేకరించేవాళ్ల సంఘాలుంటాయి, వాళ్లకు ఏ రైఫిల్ ఎవరి దగ్గరుందో నోటికి వస్తుంది.

డీలరు కొన్నవాళ్ల పేరు చెప్పరు. చెప్పకూడదు కూడా. ఇంట్లో ఆయుధం ఉన్న మనిషి చిరునామా ఎవరు అడిగినా ఇచ్చే డీలరు దగ్గర మీరు మాత్రం కొంటారా? అందుకే పేరు అడగకండి. ఒక ఉత్తరం రాసి, దాన్ని కొన్నవాళ్లకు చేర్చమని అడగండి. ఉత్తరం చిన్నదిగా ఉండాలి. నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను ఇలా రాయమంటాను:

"నమస్కారమండీ. మీరు ఈ డీలరు దగ్గర కొన్న రైఫిల్ ఇదివరకు మా నాన్నగారిది. దాన్ని అమ్మింది నేనే. మీరు న్యాయంగా కొన్నారు, అది మీది. ఇప్పుడు అమ్మమని అడగడం లేదు. ఎప్పుడైనా అమ్మాలనుకుంటే, మరొకరికి చెప్పే ముందు నాకు ఒక్క మాట చెప్పండి. అప్పటి మార్కెట్ ధర ఇస్తాను. దాని పాత ఫోటోలు, నాన్నగారు దానితో గెలిచిన పోటీ వివరాలు నా దగ్గర ఉన్నాయి, కావాలంటే కాపీలు పంపుతాను. నా ఫోన్ నంబరు కింద రాశాను."

ఇందులో ఒక్కో వాక్యానికీ పని ఉంది. "అది మీది" అన్న మాటతో అవతలివాళ్లకు భయం పోతుంది, మీరు గొడవకు రాలేదని తెలుస్తుంది. మార్కెట్ ధర అన్నందువల్ల సెంటిమెంటు పేరుతో తక్కువకు అడుగుతారేమోనన్న అనుమానం పోతుంది. ఫోటోలు ఇస్తాననడం నిజమైన ఇవ్వడం. పాత రైఫిల్ కొన్నవాళ్లకు దాని చరిత్ర తెలిస్తే సంతోషం, దాని విలువ కూడా పెరుగుతుంది. ఎంత ఏడ్చారో, ఎన్ని రాత్రులు నిద్రపోలేదో రాయకండి. అది చదివినవాళ్లు ఇరకాటంలో పడి జవాబే ఇవ్వరు. ఒకసారి రాశాక మళ్లీ మళ్లీ గుర్తు చేయకండి. ఉత్తరాన్ని ఆ రైఫిల్ పెట్టెలోనే దాచుకుని, అమ్మే రోజు వచ్చినప్పుడు తీసి ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు.

జవాబు వచ్చి బేరం దాకా వస్తే, ఫోన్ ఎత్తే ముందే గరిష్ఠ ధర రాసిపెట్టుకోండి. లెక్క ఇలా వేయండి. అదే మోడల్, అదే స్థితిలో ఉన్నది ఈ రోజు బయట ఎంత? అది ఒక అంకె. సరిగ్గా ఆ రైఫిలే కావడం వల్ల దాని మీద ఇంకెంత పెట్టడానికి ఇంట్లోవాళ్లు కూడా ఒప్పుకుంటారు? ఆ రెండో అంకె ఇంట్లో కూర్చుని మాట్లాడుకుని వేసుకోవాలి, రైఫిల్ చేతిలో ఉన్నప్పుడు కాదు. మార్పిడి అడిగితే ఒప్పుకునే ముందు ఒక రాత్రి ఆగండి. ఒకటి వదులుకుని బాధపడినవాళ్లు దాన్ని తెచ్చుకోవడానికి ఇంకో మంచి రైఫిల్ వదిలేయడం ఇక్కడే జరుగుతుంది.

ఒకప్పుడు మీదే అయినా, తిరిగి కొనడం చట్టం దృష్టిలో కొత్త కొనుగోలే. లైసెన్సు, బదిలీ కాగితాలు, అవసరమైన చోట డీలరు ద్వారా నమోదు, అన్నీ మొదటినుంచి జరగాలి. తెలిసినవాళ్లే కదా అని చేతి నుంచి చేతికి తీసుకోకండి.

తిరిగి వచ్చిన రైఫిల్

సంతోషంలో ఉన్నా దాన్ని వెంటనే కాల్చకండి. మధ్యలో దానికి ఏం జరిగిందో మీకు తెలియదు. రైఫిల్ ఖాళీగా ఉందని ముందు చూసుకోండి, బోల్ట్ తీసి గొట్టంలోకి వెలుతురు వేసి చూడండి. బోల్ట్ అదేనా? యుద్ధకాలపు సైనిక రైఫిళ్లలో ఇది తప్పకుండా చూడాలి. లీ ఎన్‌ఫీల్డ్ నంబర్ 4లో బోల్ట్ పిడి వెనక వైపు సీరియల్ నంబరు కొట్టి ఉంటుంది, అది రిసీవర్ నంబరుతో కలవాలి. బోల్ట్ మారి ఉంటే హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్ ముఖానికీ తూటా ఛాంబర్‌లో ఆనుకునే చోటుకీ మధ్య ఉండాల్సిన దూరం, తప్పవచ్చు. దీన్ని గేజ్‌లతో కొలుస్తారు. 'గో' గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, 'నో గో' గేజ్ మీద మూసుకోకూడదు. మరమ్మతు చేసేవాళ్ల దగ్గర పది నిమిషాల పని. దూరం ఎక్కువైతే తూటా కేసు చిరిగి వేడి వాయువు ముఖం మీదికి రావచ్చు, కాబట్టి దీన్ని వాయిదా వేయకండి.

స్కోప్ కోసం రిసీవర్‌కు బెజ్జాలు వేసి ఉండవచ్చు, బ్యారెల్ కోసి ఉండవచ్చు, కొత్త నీలిపూత వేయించి ఉండవచ్చు. సేకరణ విలువ వీటన్నిటివల్లా తగ్గుతుంది. కానీ మీరు విలువ కోసం తెచ్చుకోలేదు కదా. బెజ్జాలు పూడ్పించి, పూత మళ్లీ వేయించి 'మొదట్లో ఉన్నట్టు' చేయమని అడిగేవాళ్లకు నేను వద్దనే చెబుతాను. పూత తీయడానికి పాలిష్ పట్టినప్పుడు మీకు గుర్తున్న గీతలు కూడా పోతాయి, కంపెనీ ముద్రల అంచులు అరిగిపోతాయి. తుప్పు ఆపండి, వదులైన స్క్రూలు బిగించండి, స్టాక్ చెక్క ఎండిపోయి ఉంటే ఉడికించిన అవిసె నూనె పల్చగా, చాలా పల్చగా, రాసి తుడవండి. అంతకు మించి ముట్టుకోకండి.

అది దొరకనే దొరకదనుకుంటే

అప్పుడు కొనేది అదే మోడల్ కావడం చాలదు, అదే కాలంలో తయారైనది కావాలి. పేరు అదే ఉన్నా లోపల మారిపోయిన రైఫిళ్లు చాలా ఉన్నాయి. మోడల్ 70లో 1964 మార్పు తర్వాతివి 7,00,000 నంబరు నుంచి మొదలవుతాయి, కాబట్టి రిసీవర్ మీద అంకె చూస్తే తేలిపోతుంది. మార్లిన్ లీవర్ రైఫిళ్లలో బ్యారెల్ మీద, రిసీవర్‌కు దగ్గరగా, చిన్న వలయంలో జేఎం అన్న ముద్ర కోసం చూస్తారు. ఆ కంపెనీని కొన్న రెమింగ్టన్ తయారీని తన ఫ్యాక్టరీకి మార్చకముందు తయారైనవాటి గుర్తు అది. 2020లో మార్లిన్ పేరు రూగర్ చేతికి వెళ్లింది, వాళ్లు చేస్తున్నవి బాగున్నాయి, కానీ మీ చేతికి అలవాటైనది పాతదైతే తేడా తెలుస్తుంది. శావేజ్ 99లో పాతవాటికి తిరిగే మ్యాగజైన్, ఇంకా ఎన్ని తూటాలున్నాయో చూపించే చిన్న కిటికీ ఉండేవి. ఆ కిటికీలో అంకె చూసుకోవడం ఇష్టమైనవాళ్లు 1965లో వచ్చిన 99సి కొంటే అందులో విడిగా తీసే పెట్టె మ్యాగజైన్ ఉంటుంది. సీజడ్ కంపెనీ పాయింట్ 22 రైఫిల్ 452 అమ్ముకుని తర్వాత వచ్చిన 457 కొన్నవాళ్లు కూడా నా దగ్గరికి వస్తారు. 457 అన్నివిధాలా మంచి రైఫిల్. కానీ 452 బోల్ట్‌ని 90 డిగ్రీలు ఎత్తాలి, 457ది 60 చాలు. సేఫ్టీ (అనుకోకుండా పేలకుండా ఆపే మీట) కదిలే దిశ కూడా మారింది. కళ్లు మూసుకుని చేసే పని ఇప్పుడు ఆలోచించి చేయాల్సి వస్తుంది, సేఫ్టీ విషయంలో అయితే ఆలోచించే చేయాలి.

వించెస్టర్, మార్లిన్ పాతవాటికి ఇంకో సౌకర్యం ఉంది. అమెరికాలో వయోమింగ్ రాష్ట్రం కోడీలోని ఆయుధాల మ్యూజియం దగ్గర ఆ కంపెనీల పాత ఫ్యాక్టరీ పద్దులున్నాయి. సీరియల్ నంబరు పంపి రుసుము కడితే, పద్దు మిగిలి ఉన్న నంబర్లకు, ఆ రైఫిల్ ఏ కాలిబర్‌లో, ఎలాంటి బ్యారెల్‌తో ఫ్యాక్టరీ దాటిందో ఉత్తరం ఇస్తారు. ఎక్కువ డబ్బు పెట్టి కొనే ముందు, అమ్మేవాళ్లు చెప్పేదీ పద్దులో ఉన్నదీ కలుస్తున్నాయో లేదో చూసుకోండి.

ఇంకా అమ్మనివాళ్లు ఈ భాగం చదవండి

ముందుగా ఒక మాట. ఇంట్లో ఎవరి మనసైనా బాగాలేదని, తమకు తాము హాని చేసుకుంటారేమోనని, కోపంలో ఏమైనా చేస్తారేమోనని ఏ మూలైనా అనుమానం ఉంటే ఈ లెక్కలేవీ వేయకండి. రైఫిల్‌ని ఈ రోజే చట్టప్రకారం ఇంటి నుంచి బయటికి పంపండి, డీలరు దగ్గర భద్రపరచండి లేదా అమ్మేయండి.

ఆ భయం లేనప్పుడు తొందరపడాల్సిన పని లేదు. అమ్మాలనిపించిన రైఫిల్‌ని రేంజికి తీసుకెళ్లి మనస్ఫూర్తిగా ఒక పూట కాల్చండి. చాలాసార్లు అమ్మాలనే కోరిక వెనకున్నది చిన్న మరమ్మతు. మ్యాగజైన్ స్ప్రింగు బలహీనపడి తూటా ఇరుక్కుంటోంది, స్కోప్ బిగింపు వదులై గురి తిరుగుతోంది, బ్యారెల్లో రాగి పేరుకుని గ్రూపు విచ్చుకుంది. కొత్తదాని ధరలో కొసరంత ఖర్చుతో పోయేవి ఇవి. మార్పిడికి ఇచ్చే ముందు ఒక్కసారి చూపించండి.

బీరువాలో పడి ఉందన్న కారణం నాకు ఎప్పుడూ సరిపోదు. సరిగ్గా దాచిన రైఫిల్ తిండి అడగదు. గాలిలో తేమ 40, 50 శాతం మధ్య ఉంటే చాలు. నురుగు పరిచిన ప్రయాణపు పెట్టెలో మాత్రం నెలల తరబడి ఉంచకండి, నురుగు తేమ పీల్చి ఇనుముకు పట్టించి ఉంచుతుంది. పైపైన పల్చగా నూనె రాసి, గాలి ఆడేలా నిలబెట్టి, తాళం వేయండి. అలాగని ప్రతిదీ దాచుకోమని కాదు. మీ చేతికి కుదరనిది, ఎవరి జ్ఞాపకమూ అంటనిది, మోజుపడి కొని పక్కన పెట్టినది నిశ్చింతగా అమ్మండి. అలాంటిది అమ్మి బాధపడినవాళ్లను నేను చూడలేదు. నలుగురు అన్నదమ్ములు కాల్చడం నేర్చుకున్నది, మొదటి పోటీ గెలిచినది, చేయి వేయగానే కన్ను గురిలోకి వచ్చేది, వీటి విషయంలోనే నిదానం కావాలి. ఇంట్లో పిల్లలనీ, తోబుట్టువులనీ ముందు అడగండి. ఆ రైఫిల్ మీద మీకన్నా వాళ్లకే ఎక్కువ ప్రేమ ఉండవచ్చు, మీకు చెప్పి ఉండకపోవచ్చు.

ఇక అమ్మక తప్పదనుకుంటే దాని గురించి ఒక పేజీ రాసి మీ దగ్గర పెట్టుకోండి. సీరియల్ నంబరు, ముద్రలన్నీ, బ్యారెల్ పొడవు, ట్రిగ్గర్ బరువు, స్టాక్ కొలతలు, ఏ తూటాతో ఎంత గ్రూపు, గురి ఎన్ని గజాలకు కుదిర్చారు. వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి రెండు వైపులా ఫోటోలు తీయండి, గీతలు, మచ్చలు దగ్గరగా తీయండి. ఒక మంచి టార్గెట్ కాగితం జతచేయండి. స్కోప్ వేరుగా అమ్మితే తరచుగా ఎక్కువ వస్తుంది, పైగా రైఫిల్‌ని మొదటి రూపంలో అమ్మినట్టవుతుంది. మరమ్మతుల్లో తీసిన పాత భాగాలు, అసలు సైట్లు మాత్రం రైఫిల్‌తోనే పంపండి.

కొనేవాళ్లను ఎంచుకునే వీలుంటే కొంచెం తక్కువైనా రేంజిలో రోజూ కనబడే మనిషికి ఇవ్వండి. "మీరు అమ్మేటప్పుడు మొదట నన్ను అడగాలి" అన్న ఒప్పందం నోటిమాటగా వద్దు, అమ్మకం కాగితం మీదే ఒక వాక్యంగా రాయించి ఇద్దరూ సంతకం పెట్టండి. అన్నిచోట్లా అది కోర్టులో నిలబడుతుందని చెప్పను. కానీ కాగితం మీదున్న మాట పదేళ్ల తర్వాత కూడా కొన్నవాళ్ల కంట పడుతుంది, వాళ్ల పిల్లల కంట కూడా పడుతుంది.

అమ్మిన తర్వాత సొరుగులో ఏదో ఒకటి మిగిలిపోయి ఉంటుంది. అదనపు మ్యాగజైనో, స్లింగో, శుభ్రం చేసే కడ్డీకి దాని సైజు బ్రష్షో, ఆ కాలిబర్ తూటాలు ఇంట్లో నింపుకునే డైలో. వాటిని విడిగా అమ్మకండి, పారేయకండి. కొన్నవాళ్లకు ఫోన్ చేసి "ఇది దానిదేనండీ, మీ దగ్గరుంటే పనికొస్తుంది" అని ఇచ్చేయండి.